కూలి లేని శ్రమ: కొండదారి అడిగే ప్రశ్న

కూలి ఆశించకుండా చేసే పని ఉత్తమమైనదని నీతిశాస్త్రాలు చెబుతూ వచ్చాయి. కూలి ఇవ్వకుండా చేయించుకునే పని దోపిడీ అని శ్రామికోద్యమం చెబుతూ వచ్చింది. రెండు మాటలూ నిజమే. కాని దూరాన నిలబడి చూసేవాడికి రెండు చోట్లా కనిపించే దృశ్యం ఒకటే. ఒక మనిషి ఎండలో గునపం పట్టి రాయి పెకలిస్తున్నాడు; సాయంత్రం అతని చేతిలో డబ్బు పడటం లేదు. ఒక సందర్భంలో దీన్ని సేవ అంటున్నాం, మరొక సందర్భంలో వెట్టి అంటున్నాం. ఈ భేదం ఎక్కడున్నది? పనిచేసేవాడి మనసులోనా, చేయించేవాడి ఉద్దేశంలోనా, లేక వాళ్లిద్దరి మధ్యా ఉన్న సంబంధంలోనా?

ఇది తీరికగా కూర్చున్నవాళ్లు చేసే తర్కం కాదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలయినప్పటి నుంచి ఊరూరా పనిచేస్తున్న ఆశా కార్యకర్తలను ప్రభుత్వం ఉద్యోగులనటం లేదు, స్వచ్ఛంద కార్యకర్తలంటున్నది. పేరుకు స్వచ్ఛందం, చేసేది రాత్రీ పగలూ లేని ఉద్యోగం. వాళ్లు స్థిరమైన జీతం కావాలనీ, తమను ఉద్యోగులుగా గుర్తించాలనీ రోడ్డెక్కినప్పుడల్లా "సేవ" అనే మాటే వాళ్లకు అడ్డంగా నిలుస్తున్నది. ఒక మంచి మాటను ఎంత చెడ్డగా వాడుకోవచ్చునో దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే చెడ్డగా వాడుకున్నారు గనక ఆ మాటనే పారేద్దామా? మన అభ్యుదయవాదుల్లో కొందరు పారేద్దామనే అంటారు. కూలి లేని శ్రమ ఏ రూపంలో ఉన్నా దోపిడీయే అంటారు. ఈ అభిప్రాయం నాకు సరయినదిగా కనిపించదు. ఎందుకు కనిపించదో చెప్పటానికి నేను కొండదారిని ఉదాహరణగా తీసుకుంటున్నాను.

కొండదారి ఈ పరిశీలనకు బాగా పనికివస్తుంది. దాన్ని బాగుచేసినవాడు ఇంటికి తీసుకుపోలేడు, అమ్ముకోలేడు. దాని మీద నడిచేవాడికి బాగుచేసినవాడెవరో తెలియదు. పైగా అది ఒకసారి నిర్మించి వదిలేసే వస్తువు కాదు. కాళ్ల తొక్కిడికి మట్టి అణిగి గాడి పడుతుంది. వానకాలంలో నీళ్లు ఆ గాడిలోకి చేరతాయి. వాలు మీద నీటికి వేగం వస్తుంది. వేగం వచ్చిన నీరు మట్టిని కోస్తుంది. కొన్ని వానకాలాలు గడిచేసరికి దారి కాస్తా కాలవ అవుతుంది. కాలవలో నడవలేక మనుషులు పక్కనుంచి నడుస్తారు. అక్కడ గడ్డి చచ్చి మరొక దారి పుడుతుంది, ఆ దారీ కాలవ అవుతుంది. చివరికి కొండ వాలంతా పుండవుతుంది. దీన్ని ఆపటానికి చేసే పని చాలా చిన్నది, కాని ఎన్నటికీ పూర్తికానిది. దారిని లోయవైపు కొద్దిగా వాలుగా చెక్కాలి. అక్కడక్కడ రాళ్లో దుంగలో ఏటవాలుగా పాతి, నీటిని దారి మీద నుంచి పక్కకు మళ్లించాలి. ఆ అడ్డుకట్టల వెనక చేరిన ఆకూ ఒండ్రూ ఏటా తియ్యాలి. గాలికి పడిపోయిన చెట్లు కొయ్యాలి, అల్లుకున్న పొదలు నరకాలి, చెరిగిపోయిన గుర్తులు మళ్లీ వెయ్యాలి. పని బాగా జరిగితే అక్కడ పని జరిగినట్టే కనిపించదు. ఇంట్లో ఆడవాళ్ల చాకిరీకి పట్టిన గతే దీనికీ పట్టింది: చెయ్యటం మానేసిన రోజున గాని అది ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

ఇటువంటి పనిని లోకంలో అందరికన్నా పెద్ద ఎత్తున జీతం లేకుండా చేస్తున్నవాళ్లలో అమెరికాలోని కొండనడక క్లబ్బులవాళ్లు ముఖ్యులు. ఆ దేశపు తూర్పు భాగంలో, జార్జియాలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా, అపలేచియన్ పర్వతాల వెన్ను మీదుగా ఒక కాలిబాట ఉన్నది. దాని పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. అది 14 రాష్ట్రాల గుండా పోతుంది. దాన్ని సుమారు 30 స్థానిక క్లబ్బులు పంచుకొని కాపాడుతున్నాయి. ఒక్కొక్క క్లబ్బుకు కొంత దారి, క్లబ్బులో ఒక్కొక్క సభ్యుడికి అందులో కొన్ని మైళ్లు. ఏటా కొన్ని వేలమంది తమ సెలవురోజుల్లో రంపాలూ గొడ్డళ్లూ తీసుకొని కొండెక్కుతారు. యంత్రాలు నిషేధించిన అడవుల్లో, 1964 నాటి వన్యప్రదేశాల చట్టాన్ని మన్నించి, మోటారు రంపం వాడరు. ఇద్దరు మనుషులు చెరొక చివరా పట్టి లాగే పాతకాలపు రంపంతోనే మాను కోస్తారు.

ఈ బాటకు పుట్టుక ఎట్లా జరిగిందో మన పాఠకులు తెలుసుకోవటం అవసరం. దాన్ని 1921లో ప్రతిపాదించినవాడు బెంటన్ మకై. అతను అడవులశాఖలో పనిచేసినవాడు, సోషలిస్టు భావాల ప్రభావం ఉన్నవాడు. వాస్తుశిల్పుల పత్రికలో అతను రాసిన వ్యాసం పైకి ఒక నడకదారి గురించినదే అయినా నిజానికి అది పారిశ్రామిక నాగరికత మీద విమర్శ. నగరాల్లో యంత్రాల మధ్య నలిగిపోతున్న మనుషులకు కొండల మీద విశ్రాంతి కావాలని మాత్రమే అతను అనలేదు. దారి పొడుగునా శిబిరాలుండాలనీ, శిబిరాలు పెరిగి సమష్టి గ్రామాలు కావాలనీ, వాటికి తిండి పండించే పొలాలూ తోడు కావాలనీ, ఆ భూముల్లో వ్యాపారానికీ లాభానికీ చోటుండకూడదనీ అతను ఊహించాడు. అతని దృష్టిలో దారి ఒక సాధనం. మనిషి మనిషితో పోటీపడకుండా సహకరించి పనిచెయ్యటం అలవాటు చేసే పాఠశాల. స్వచ్ఛంద శ్రమ ఆ పాఠశాలలో మొదటి పాఠం.

ఆ కలలో నెరవేరింది దారి ఒక్కటే. సమష్టి గ్రామాలు రాలేదు, పొలాలు రాలేదు. 1931 నుంచి 1952 దాకా ఉద్యమానికి నాయకత్వం వహించిన మైరన్ ఏవరీ వృత్తిరీత్యా న్యాయవాది. అతనికి సిద్ధాంతాల మీద ఆసక్తి తక్కువ. కొలతచక్రం తోసుకుంటూ కొండలన్నీ తిరిగాడు, క్లబ్బులను కూడగట్టాడు, దారి పూర్తి చేయించాడు. 1930ల్లో షెనండోవా కొండల వెన్ను మీద కార్ల రోడ్డు వేస్తున్నప్పుడు మకై ఎదిరించాడు. దారిని పక్కకు జరిపించుకొని సర్దుకుపోదామన్నాడు ఏవరీ. 1935లో ఇద్దరికీ తెగిపోయింది. మన విమర్శకుల్లో చాలామందికి ఇట్లాంటి కథల్లో మకై పక్షం వహించటం అలవాటు. నేను అంత తేలిగ్గా తీర్పు చెప్పలేను. మకై లేకపోతే ఆ దారికి అర్థం ఉండేది కాదు; ఏవరీ లేకపోతే దారే ఉండేది కాదు. ఆశయం మాత్రమే ఉన్నవాడూ, పని మాత్రమే తెలిసినవాడూ విడిపోయినప్పుడు ఉద్యమానికి జరిగే నష్టమేమిటో మనకు అనుభవమే. పని మిగులుతుంది, పని ఎందుకో మరుగునపడుతుంది.

నా దగ్గర ఒకప్పుడు చదువుకొని ఇప్పుడు వర్జీనియాలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న యువకుడు ఒకడు ఇటువంటి క్లబ్బులో సభ్యుడు. నెలకొక శనివారం దారిపనికి పోతాడు. అతను నాకు రాసిన ఉత్తరంలో ఒక మాట ఉన్నది: "మాస్టారూ, ఆఫీసులో నేను చేసే పని ఎవరికి చేరుతుందో, ఏమవుతుందో నాకు తెలియదు. ఇక్కడ పొద్దున ఒక రాయి పాతుతాం. సాయంత్రం వానొస్తే నీళ్లు మేమనుకున్న వైపే పోతాయి. ఆ నీళ్లను చూస్తూ నిలబడితే కలిగే తృప్తి నాకు జీతంలో ఎన్నడూ దొరకలేదు."

ఈ మాటలు చదివినప్పుడు నాకు సంతోషంతోపాటు విచారం కూడా కలిగింది. శ్రామికుడు తన శ్రమఫలం నుంచి పరాయివాడవుతాడని మార్క్స్ 1844లోనే రాసుకున్నాడు. మంచి జీతం తీసుకునే ఇంజనీరు కూడా ఆ సూత్రానికి మినహాయింపు కాదని ఈ ఉత్తరం రుజువు చేస్తున్నది. వారంలో అయిదు రోజులు జీతం కోసం పోగొట్టుకున్నదాన్ని అతను ఒక శనివారం జీతం లేకుండా వెతుక్కుంటున్నాడు. కూలి లేని శ్రమలో ఇంత ఆనందం ఉందంటే, దానికి కారణం కూలి లేకపోవటం కాదు. ఏం చెయ్యాలో నలుగురూ కలిసి అనుకుంటారు, చేతులతో చేస్తారు, చేసినదాన్ని కళ్లతో చూస్తారు. మన శ్రమ అంతా ఇట్లాగే ఉండవలసింది. లేదు గనకనే శనివారం అంత రుచిగా ఉంటున్నది. కాబట్టి స్వచ్ఛంద శ్రమ ఆనందాన్ని పొగిడేవాళ్లు ఆ పొగడ్తలోనే కూలిశ్రమ మీద ఒక అభియోగం ఉన్నదని గుర్తించాలి.

ఈ ఉత్తరాన్ని నా సహాధ్యాపకుడు ఒకాయనకు చూపిస్తే ఆయన నవ్వాడు. "శని ఆదివారాలు సెలవున్నవాడికే సేవాబుద్ధి పుడుతుందండీ. హోటల్లో ఎంగిలి పళ్లాలు కడిగేవాడు ఏ రోజున కొండెక్కుతాడు?" అన్నాడు. ఆయన ఎత్తిపొడుపులో సగం కాదు, ముప్పాతిక నిజం ఉన్నది. ఇవ్వటానికి ముందు మనిషి దగ్గర ఉండాలి. డబ్బు విషయంలో ఇది అందరికీ తెలుసు. కాలం విషయంలో మరిచిపోతూ ఉంటాం. ఎనిమిది గంటల పనిదినం కోసం కార్మికులు పోరాడి ఉండకపోతే కార్మికుడికి ఇవ్వటానికి శనివారమే ఉండేది కాదు. 1895లో వియన్నాలో సోషలిస్టులు కొందరు "ప్రకృతిమిత్రులు" అనే సంఘం పెట్టింది ఈ జ్ఞానంతోనే. అప్పటిదాకా ఆల్ప్స్ పర్వతాలు తీరికా ఆస్తీ ఉన్నవాళ్ల సొత్తు. కార్మికుణ్ణి కొండెక్కించటం, కార్మికుల చేతులతోనే కొండల మీద విడిదులు కట్టించటం ఆ సంఘం పని. పనిగంటల కోసం పోరాటం వేరు, కొండనడక వేరు అని వాళ్లు అనుకోలేదు. హిట్లరు వచ్చాక 1933లో జర్మనీలో ఆ సంఘాన్ని నిషేధించారు. 1934లో ఆస్ట్రియాలోనూ నిషేధించారు. కొండదారి రాజకీయాలకు అతీతమైనదనేవాళ్లు దీన్ని గురించి ఆలోచించాలి.

అయితే ఆయన ఎత్తిపొడుపు నుంచి "కాబట్టి స్వచ్ఛంద శ్రమ అంతా బూటకం" అనే నిర్ణయం రాదు. వచ్చేదల్లా "స్వచ్ఛంద శ్రమ చెయ్యగల వీలు అందరికీ ఉండాలి" అనే నిర్ణయం. మొదటిది విరక్తుడి మాట, రెండోది ఉద్యమకారుడి మాట.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. సేవకూ వెట్టికీ భేదం ఎక్కడున్నది? భేదాన్ని కూలిలో వెతకటం వ్యర్థం, ఎందుకంటే కూలి రెండింటిలోనూ లేదు. మనోభావంలో వెతకటం ప్రమాదం, ఎందుకంటే వెట్టివాడిచేత కూడా భక్తిగా పనిచేయించవచ్చు. మన ఆచారాలు వెయ్యేళ్లుగా చేసింది అదే. నేను మూడు ప్రశ్నలు అడగాలంటాను. ఒకటి: నేను చెయ్యనని చెప్పే స్వేచ్ఛ పనిచేసేవాడికి ఉన్నదా, చెయ్యనన్నందుకు అతనికి ఏ కీడూ కలగకుండా ఉంటుందా? రెండు: ఏ పని, ఎక్కడ, ఎట్లా చెయ్యాలో నిర్ణయించటంలో అతనికి పాలు ఉన్నదా? మూడు: ఆ పని ఫలం ఎవరికి చేరుతున్నది?

ఈ ప్రశ్నలను మన కొండల్లోనే పెట్టి చూద్దాం. 1922లో గూడెం ప్రాంతపు డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యంలో రోడ్డు వేయించాడు. ఆ పని గిరిజనులచేత బలవంతాన చేయించాడు. ఇవ్వవలసిన కూలి సరిగా ఇవ్వలేదు. చెయ్యననటానికి వాళ్లకు వీల్లేదు. రోడ్డు ఎటు పోవాలో వాళ్లనెవరూ అడగలేదు. రోడ్డు పూర్తయితే దాని మీద వచ్చేది అధికారులు, పొయ్యేది అడవిసంపద. మూడు ప్రశ్నలకూ జవాబు "లేదు" అనే. ఆ ఏడే అల్లూరి సీతారామరాజు నాయకత్వాన జరిగిన తిరుగుబాటుకు ఈ రోడ్డుపని దౌర్జన్యం కారణాల్లో ఒకటి. అదీ కొండదారే, ఇదీ కొండదారే. గునపం పట్టుకున్న చేతుల కాయలు ఒకే రకంగా ఉంటాయి. కాని ఒకచోట మనిషి శనివారం కోసం ఎదురుచూస్తున్నాడు, ఇంకొకచోట విల్లు పడుతున్నాడు. తెలంగాణాలో 1946 నుంచి 1951 వరకు రైతాంగం ఆయుధం పట్టిన కారణాల్లో కూడా వెట్టి ముఖ్యమైనది. పని కష్టం మనుషులచేత తిరుగుబాటు చేయించలేదు. కాదనే హక్కు లేకపోవటం చేయించింది.

ఇదే కొలబద్దను మనకు ప్రీతిపాత్రమైన ఉదాహరణలకు కూడా పెట్టకపోతే మనది విమర్శ కాదు, పక్షపాతం. 1919 ఏప్రిల్‌లో మాస్కో రైల్వే డిపోలో పిడికెడు మంది కార్మికులు శనివారం రాత్రి కూలి లేకుండా రైలింజన్లు బాగుచేశారు. లెనిన్ ఆ సంఘటనను ఒక మహత్తర ప్రారంభంగా ఎత్తిచూపాడు. ఆ పదిహేనుమందిని ఎవరూ బలవంతపెట్టలేదు. పని వాళ్లే ఎన్నుకున్నారు. అంతర్యుద్ధంలో దాని ఫలం వాళ్ల రాజ్యానికే చేరింది. కనక ఆ పొగడ్త న్యాయమయినదే. కాని తరువాతి దశాబ్దాల్లో ఆ శనివారం క్యాలెండరులో చేరింది. రానివాణ్ణి గురించి పైవాళ్లు ఆరా తీసే స్థితి వచ్చింది. బయటి రూపం మారలేదు: అదే శనివారం, అవే చీపుళ్లు. మొదటి ప్రశ్నకు జవాబు మాత్రం మారింది. జవాబు మారిన రోజునే అందులోని కొత్త మానవుడు వెళ్లిపోయాడు, హాజరుపట్టీ మిగిలింది. సోషలిజం పేరుతో చేసినా సరే, కాదనటానికి వీల్లేని సేవ సేవ కాదు.

మన దేశంలో 1952లో సమాజాభివృద్ధి పథకం మొదలయినప్పుడు శ్రమదానం గురించి పెద్ద ప్రచారం జరిగింది. పేదవాడు శ్రమ దానం చేస్తాడు, రోడ్డు భూస్వామి బండికి పనికివస్తుంది అని అప్పట్లో వామపక్షం విమర్శించింది. అది మూడో ప్రశ్న. ఆ విమర్శ ఈనాటికీ పాతబడలేదు. ఒకరోజు కూలి మానుకోవటం భూస్వామికి ఏమీ కాదు, కూలివాడికి ఆ పూట పొయ్యి వెలగకపోవటం. ఇద్దరూ సమానంగా ఒకరోజు దానం చేశారనటం లెక్కల్లో నిజం, బతుకులో అబద్ధం.

ఇక్కడ నా కొలబద్దకే ఒక చిక్కు వస్తున్నది. దాన్ని దాచటం ఉచితం కాదు. ఈనాటికీ మన్యంలో రోడ్డు లేని గూడేలున్నాయి. పురిటినొప్పులు పడుతున్న స్త్రీని డోలీలో కట్టి కొండ దింపుతున్నారు. ఎన్ని అర్జీలు పెట్టినా రోడ్డు రాక, గూడెంవాళ్లే చందాలు వేసుకొని, తామే పలుగూ పారా పట్టి దారి తవ్వుకున్న వార్తలు మనం పత్రికల్లో ఎన్నోసార్లు చదివాం. వాళ్లను ఎవరూ బలవంతపెట్టలేదు. దారి ఎటు పోవాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. ఫలం వాళ్లకే. నా మూడు ప్రశ్నలకూ మంచి జవాబులే వచ్చాయి. అయినా దీన్ని స్వచ్ఛంద సేవ అని పొగడబోతే నోరు రాదు. ఎందుకు రాదు?

బలవంతపెట్టే అధికారి లేడు కాని బలవంతం ఉన్నది గనక. మానుకుంటే వచ్చే వానకాలంలో మరొక బాలింత దారిలో చచ్చిపోతుంది. ఈ పరిస్థితిలో "చెయ్యను" అనే స్వేచ్ఛ పేరుకు మాత్రమే ఉన్నది. వర్జీనియా యువకుడు ఈ నెల కొండకు పోకపోతే అతని క్లబ్బు దారిలో కొంత ఆకు పేరుకుంటుంది. గూడెంవాడు ఊరుకుంటే ప్రాణం పోతుంది. మొదటివాడిది నిజమైన స్వేచ్ఛ. రెండోవాడిది, బాకీపడ్డ ప్రభుత్వం ఎగ్గొట్టిన అప్పును తన ఒంటితో తీర్చటం. గూడెంవాళ్ల పట్టుదలకు మనం నమస్కరించాలి. కాని ఆ నమస్కారాన్ని ప్రభుత్వం తన ఖాతాలో జమ కట్టుకోనివ్వకూడదు. "ఆదర్శ గిరిజనులు, స్వయంకృషితో రోడ్డు" అని ఫొటోలు వేసే పత్రిక తెలిసో తెలియకో ఆ పనే చేస్తున్నది. కాబట్టి మొదటి ప్రశ్నను ఇట్లా సవరించాలి: కాదనకుండా చేస్తున్నది ఎవరి బెదిరింపు మూలాన్నయినా కావచ్చు, ప్రాణావసరం మూలాన్నయినా కావచ్చు, ఆ రెండూ లేనిచోటనే సేవ మొదలవుతుంది. ప్రాణావసరమైన పని ప్రభుత్వ బాధ్యత. దాన్ని సేవకు వదిలెయ్యటం అధర్మం.

అవసరం కాని కొండనడక దారి విషయంలోనయినా ఈ చిక్కు పూర్తిగా లేకపోలేదు. అమెరికాలో 1968 చట్టం ద్వారా అపలేచియన్ దారి జాతీయ ఆస్తి అయింది. 1984లో ప్రభుత్వపు పార్కులశాఖ ఆ దారి నిర్వహణ బాధ్యతను క్లబ్బుల సమాఖ్యకు ఒప్పగించింది. పనిచేసేవాళ్లకే నిర్ణయాధికారం రావటం అని దీన్ని సంతోషంగా చెప్పుకోవచ్చు, నేనూ చెబుతాను. కాని నాణేనికి రెండో వైపు ఉన్నది. 2025 ఫిబ్రవరిలో అక్కడి కేంద్రప్రభుత్వం అడవులశాఖ నుంచీ పార్కులశాఖ నుంచీ వేలాది ఉద్యోగులను తొలగించింది. తరువాత న్యాయపరమైన ఆదేశాల మీద కొందరిని తిరిగి తీసుకున్నది. అంతకు అయిదు నెలల ముందే, 2024 సెప్టెంబరులో, హెలీన్ తుఫాను ఆ దారి దక్షిణభాగంలో వందల మైళ్ల మేర చెట్లు కూల్చింది. ఇట్లాంటప్పుడు స్వచ్ఛంద కార్యకర్త ముందు నిజమైన ధర్మసంకటం నిలుస్తుంది. అతను రంపం పట్టుకుపోతే, ఉద్యోగులు లేకపోయినా దారి నడుస్తుందని ప్రభుత్వం నిరూపించుకుంటుంది. పోకపోతే దారి మూసుకుపోతుంది, నష్టపోయేది నడిచేవాడు.

దీనికి నా జవాబు: రంపం పట్టుకుపోవాలి, పోతూ నోరు కూడా తీసుకుపోవాలి. ఉద్యోగి చేసిన పనిని ఉచితంగా చెయ్యటం వేరు, ఉద్యోగితో కలిసి పనిచెయ్యటం వేరు. ఈ దారి చరిత్రలోనే దీనికి మంచి సాక్ష్యం ఉన్నది. ఆర్థికమాంద్యం కాలంలో అమెరికా ప్రభుత్వం నిరుద్యోగ యువకులను నెలకు 30 డాలర్ల జీతం మీద అడవిపనుల్లో పెట్టింది. అందులో సుమారు 25 డాలర్లు ఇంటికి పంపేవాళ్లు. 1937 ఆగస్టు 14న మెయిన్ రాష్ట్రంలో ఈ దారిలో మిగిలిన చివరి ముక్కను తవ్వి కలిపింది ఆ జీతగాళ్ల జట్టే. పదహారేళ్లు స్వచ్ఛందకారులు మోసిన పని కూలివాళ్ల చేతిలో పూర్తయింది. దీనివల్ల ఎవరి గౌరవమూ తగ్గలేదు. జీతానికి చేసినవాడి పని తక్కువ పవిత్రం అనుకోవటం, పని చెయ్యకుండా తినేవాళ్లు పుట్టించిన నీతి. స్వచ్ఛంద కార్యకర్త ఆ నీతిని మొయ్యకూడదు.

మరొక ప్రమాదం స్వచ్ఛంద కార్యకర్త లోపలే ఉన్నది. చెమట ధారపోసినచోట మమకారం పుడుతుంది. మమకారం నుంచి యాజమాన్యభావం పుడుతుంది. ఆల్ప్స్ పర్వతాల్లో దారులు వేసి విడిదులు కట్టిన పర్వతసంఘమే 1924లో యూదులు ఎక్కువగా ఉన్న తన వియన్నా శాఖను వెళ్లగొట్టింది. దారులు మేం వేశాం గనక ఎవరు నడవాలో మేం చెబుతామన్నారు. షెనండోవాలో పార్కు కోసం వందల పేదకుటుంబాలను కొండల మీద నుంచి లేవగొట్టారు. వాళ్ల పొలాలూ ఇళ్ల పునాదులూ ఉన్న కొండల్లోనే ఇవాళ దారి పోతున్నది. 1935లో ఏర్పడిన ఆ పార్కులో కొంతకాలం నల్లవారికి వేరే విడిది పెట్టారు. కొండ ఖాళీగా ఉన్నదని నడిచేవాడు మురిసిపోతాడు. ఎట్లా ఖాళీ అయిందో దారిగుర్తుల మీద రాసి ఉండదు.

ఇంగ్లండులో దీనికి సరిగ్గా ఎదురయిన కథ జరిగింది. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు, షెఫీల్డు నగరాల నుంచి వందలమంది కార్మిక యువకులు, జమీందార్ల వేటకోసం మూసిపెట్టిన కిండర్ స్కౌట్ కొండ మీదికి నిషేధాన్ని ధిక్కరించి నడిచారు. వాళ్ల నాయకుడు ఇరవయ్యేళ్ల కమ్యూనిస్టు బెన్నీ రాత్‌మన్. అతనికి నాలుగు నెలల జైలు పడింది. ఆ ప్రాంతం నుంచే ఉత్తరానికి పొయ్యే పెనైన్ వే అనే దారిని 1965లో సరిగ్గా అదే తేదీన ప్రారంభించారు. జనం ఎక్కువయి ఆ దారి బురదలో దిగబడిపోతే, మూతపడి కూలగొట్టిన లాంకషైరు నూలుమిల్లుల నేలబండలను తెచ్చి పరిచారు. ఏ బండల మీద నిలబడి కార్మికులు పన్నెండేసి గంటలు పనిచేశారో, ఆ బండలే వాళ్ల మనవల కాళ్ల కింద కొండదారి అయ్యాయి. ఆ దారి ఎవరిది? పరిచినవాళ్లదా, జైలుకు పోయినవాళ్లదా, మిల్లులో అరిగినవాళ్లదా? ఇవాళ మొదటిసారి దాని మీద అడుగుపెట్టిన పరదేశిదా? అందరిదీ. శ్రమ వల్ల మనకు దారి మీద బాధ్యత వస్తుంది గాని, దారి పట్టా రాదు.

ఈ చర్చ అంతా మన విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ ఎందుకంటే, రేపో ఎల్లుండో ఎవరో ఒకరు వచ్చి మనల్ని స్వచ్ఛంద సేవకు పిలుస్తారు. పిలిచిందల్లా మోసం అనుకొని ఇంట్లో కూర్చునేవాడు తన బద్ధకానికి సిద్ధాంతం వెతుక్కుంటున్నాడు. పిలిచిందల్లా ధర్మం అనుకొని పరుగెత్తేవాడు, మరొకడి జీతం తీసేయించటానికి సాయపడుతూ ఉండవచ్చు. ముందు అడగండి: రాననటానికి వీలుందా? పని నిర్ణయించటంలో మాకు మాట ఉన్నదా? ఫలం ఎవరికి? ఇది ప్రభుత్వం బాకీపడ్డ పని అయితే, బాకీ వసూలు చెయ్యటానికి మీరు మాతో వస్తారా? జవాబులు సరిగా ఉంటే ఇంక ఆలస్యం చెయ్యకుండా గునపం అందుకోండి. వానకాలం వస్తున్నది, అడ్డుకట్టల వెనక ఒండ్రు తియ్యవలసి ఉన్నది.